మొహమాటానికి అర మార్కు కోత

నేను కోపిష్టిదాన్నని మా ఇంట్లోవాళ్లే కాదు, వీధిలోవాళ్లు కూడా అంటారు. అననివ్వండి. ముప్పై ఒక్క ఏళ్లు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైనదాన్ని. నిలబడి నిలబడి మోకాళ్లు పోయాయి, చిరునామాలు సరిగ్గా రాయనివాళ్లను తిట్టీ తిట్టీ నోరు ఇలా తయారైంది. కానీ మా కోడలి మీద నాకు వచ్చిన కోపానికి మాత్రం సరైన కారణమే ఉంది. పోయినేడాది ప్రభుత్వ గుమస్తా ఉద్యోగాల పరీక్షలో ఆ మహాతల్లి ఇంగ్లీషు విభాగంలో యాభై ప్రశ్నలకూ యాభై జవాబులు పెట్టి వచ్చింది.

పెడితే తప్పేమిటని మీరడగొచ్చు. తప్పు జవాబుకు అర మార్కు కోత ఉంది కాబట్టి తప్పే. ఇరవై ఎనిమిది ఒప్పులు, ఇరవై రెండు తప్పులు. ఆ ఇరవై రెండూ కలిసి పదకొండు మార్కులు తినేస్తే మిగిలింది పదిహేడు. గట్టెక్కడానికి ఇరవై కావాలి. లెక్కల్లో దీనికి సాటి లేదు, జనరల్ నాలెడ్జిలో తిరుగులేదు. అయినా ఇంగ్లీషులో ఇరవై రాకపోతే మిగతా మార్కుల్ని కన్నెత్తి కూడా చూడరట. అంతకుముందు ఏడూ ఇదే కథ.

మా కోడలు తొమ్మిదేళ్లుగా బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుంటోంది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా డ్యూటీ. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి కొత్త కాగితం ఇస్తారు, అది చేతికొచ్చేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉండాలి. అందుకే పర్మనెంటు ఉద్యోగం అంటే దానికి అంత ఆశ. వచ్చే ఏటికి ముప్పై ఐదు దాటుతాయి. దాటితే దరఖాస్తు పెట్టుకునే అర్హతే ఉండదు. అంటే ఈసారి పోతే ఇక పోయినట్టే.

అది కూడా పట్టుదలగానే కూర్చుంది, అబద్ధం చెప్పకూడదు. వంటింటి అలమర తలుపు లోపలివైపు ఇంగ్లీషు మాటల పట్టీ అంటించింది. పంచదార డబ్బా కోసం తలుపు తీస్తే చాలు, ఇరవై మాటలు మీద పడేవి. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, మూడింటికల్లా పుస్తకం ముందేసుకునేది. పేరాలు పైకి చదివేది. ఆ చదవడం చూసి తీరాలి. తొమ్మిదేళ్లు మైకులో పలికిన గొంతు కదా, తేనెటీగల గురించి పేరా చదివినా అవేవో మూడో నంబరు ప్లాట్‌ఫారం నుంచి మరికొద్దిసేపట్లో బయల్దేరబోతున్నట్టే ఉండేది. ఒకరోజు పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి, "ఎక్కడికమ్మా బస్సు?" అని అడిగాడు.

మా అబ్బాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. వాడికి పెళ్లాన్ని ఏడిపించడం కన్నా ముఖ్యమైన పని లేదు. "ఎంక్వైరీ గారూ, నా ఇంకో జోడు సాక్సు ఎన్నో నంబర్లో ఉంది?" అంటాడు. అది వెంటనే, "రెండో అరలో, ఎడమ పక్కన" అంటుంది. అక్కడ ఉండదు. ఉండదనీ దానికి తెలియదు, ఉంటుందనీ తెలియదు. అడిగారు కాబట్టి చెప్పింది, అంతే.

అసలు రోగం అక్కడుందని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. ఒక మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రం చేయించి, వెనక ఉన్న జవాబులతో నేనే సరిచూస్తున్నాను. నా ఇంగ్లీషంతా చిరునామాల ఇంగ్లీషే. ఎదురుగా, వెనకాల, రెండో అంతస్తు, ఫలానావారి ద్వారా. అంతకు మించి రాదు. ఏ, బీ, సీ, డీలు పోల్చి చూడటానికి అది చాలు.

"ఇదిగో, ఈ ముప్పై మూడోదానికి డీ పెట్టావు. తెలిసే పెట్టావా?" అన్నాను.

"లేదత్తయ్యా."

"మరి డీ ఎందుకు పెట్టావే?"

"చాలాసేపట్నుంచి డీ ఒక్కటీ రాలేదు. పాపం అనిపించింది."

పత్రం పక్కన పడేశాను. అక్షరాల మీద జాలేమిటే, నీకు బుర్ర ఉందా, ఆ డీ గాడు నీకేమైనా మేనమామ కొడుకా అని కడిగేశాను. అది తల వంచుకుని విని, చివర్న మెల్లగా అంది: "అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదత్తయ్యా. ఖాళీగా వదిలేస్తే మొహం మీదే తలుపు వేసినట్టుంటుంది."

మా అబ్బాయి పక్కగదిలోంచి, "అమ్మా, దానికి ప్రశ్నపత్రంతో కూడా మొహమాటమే!" అని అరిచాడు.

సరే, మొహమాటం వదిలించడం నాకు చేతకాని పనా అనుకున్నాను. మా సార్టింగ్ గదిలో ప్రతి ఒక్కరి ముందూ గళ్ల బీరువా ఉండేది, ఊరికొక గడి. ఎడమ చేతి వైపు అట్టడుగున ఒక గడి మాత్రం ఏ ఊరిదీ కాదు. చిరునామా చదవరాని ఉత్తరం వస్తే అందులో పడేయాలి. తర్వాత పెద్ద గుమస్తా తీరిగ్గా చూసుకుంటాడు. చేరిన మొదటివారం మాకు నేర్పేది అదొక్కటే: చేతికి అనుమానం వస్తే అడుగు గడి. నేను చెప్పుల అట్టపెట్టెలు మూడు తెచ్చి ఒకదాని మీద 'తెలుసు', ఒకదాని మీద 'కొంచెం తెలుసు', మూడోదాని మీద 'తెలియదు' అని రాశాను. పాత పత్రాలు కత్తిరించి, ప్రశ్నకొక చీటీ చేసి, "చూడు, చదువు, పెట్టెలో వెయ్యి. చీటీకి పావు నిమిషం" అన్నాను.

రెండు వారాలు వేసింది. మూడో పెట్టె మాత్రం తెచ్చినప్పటిలాగే ఖాళీగా ఉంది. అన్నీ 'కొంచెం తెలుసు'లోనే. ఒక చీటీ తీసి, "ఈ మాట నీ జన్మలో ఎప్పుడైనా విన్నావా?" అని అడిగాను.

"వినలేదు. కానీ చూడ్డానికి మంచి మాటలా ఉందత్తయ్యా. అర్థం కూడా మంచిదే అయ్యుంటుంది."

తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది, అది మాత్రం నవ్వుతూ నాకు వేణ్ణీళ్లు ఇచ్చింది. దానిమీద కోపం నిలబడదు, అదే నా ఖర్మ.

ఇక లాభం లేదని ఒక పొద్దున దాని వెనకే బస్టాండుకు వెళ్లాను. కౌంటరుకు పక్కగా బల్ల మీద కూర్చున్నాను. గాజుపలకకు గుండ్రటి కంత, లోపల మైకు, టైముల రిజిస్టరు, మా కోడలు. వరస మాత్రం తెగడం లేదు. బస్సుల గురించి అడిగేవాళ్లు సగమే. ఒకాయన, "అక్కడ వానేమైనా పడుతోందా అమ్మా?" అన్నాడు. "లేదండీ, ఎండగా ఉంది" అంది, ఆ ఊరు చూసిన మొహమే కాదు. ఇంకొకావిడ, "మా అల్లుడు నన్ను తీసుకెళ్లడానికి వస్తాడంటావా?" అంది. "వస్తాడమ్మా, ఈపాటికి బయల్దేరే ఉంటాడు" అని చెప్పింది. ఆవిడ మొహం విచ్చుకుంది. వచ్చినవాళ్లంతా నవ్వుతూ వెళ్తున్నారు. నిజం చెప్పొద్దూ, చూస్తుంటే నాకూ ముచ్చటేసింది. ఇంత మంచిదాన్ని నేనెందుకు మార్చాలని కూడా అనిపించింది.

తొమ్మిదిన్నరకు ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చంకలో రిపోర్టుల కవరు. కంటి ఆసుపత్రి ఉన్న ఊరికి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని అడిగింది. "ఏడో నంబరండీ, పది గంటలకు" అంది మా కోడలు, రిజిస్టరు వైపు ఒక్కసారి చూసి. ఆవిడ వెళ్లి ఏడో నంబరు దగ్గర నిలబడింది. పది దాటింది. పదీ పది అయ్యాక ఆవిడ మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. పొద్దున్నే ఆ బస్సును పన్నెండో నంబరుకు మార్చారట, అక్కడి నుంచి వెళ్లిపోయింది.

ఆవిడ గొడవ పెట్టుకోవడానికి వచ్చిందనుకున్నాను. నేనైతే అద్దం పగలగొట్టేదాన్ని. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "తర్వాతి బస్సు ఎప్పుడమ్మా? డాక్టరు పన్నెండు వరకే చూస్తారన్నారు" అని, మళ్లీ అదే నమ్మకంతో, మా కోడలి మొహంలోకే చూస్తూ అడిగింది.

మా కోడలు నోరు తెరిచింది, మూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి కంట్రోలరు గదిలోకి పరిగెత్తింది. రెండు నిమిషాల్లో వచ్చి, పక్క ఊరి కూడలి దాకా ఒక బస్సుందనీ, అక్కడ దిగితే ఇంకోటి దొరుకుతుందనీ చెప్పి, తానే బయటికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఆవిడ పన్నెండులోపు చేరిందో లేదో మాకు ఇవాళ్టికీ తెలియదు.

డ్యూటీ అయ్యాక ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం. సగం దారిలో అది ఆగి, "మార్చారని పొద్దున్నే ఎవరో అనుకుంటుంటే చెవిన పడిందత్తయ్యా. ఏ నంబరుకో తెలీలేదు. కనుక్కుందామనుకున్నా. ఈలోగా ఆవిడ అడిగేసరికి నోట్లోంచి ఏడు వచ్చేసింది" అంది. కళ్లనిండా నీళ్లు.

అప్పుడు తిట్టాలనిపించలేదు. ఎవరికీ చెప్పని సంగతొకటి చెప్పాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక కవరు మీద ఊరి పేరు తడిసి అలుక్కుపోయింది. అడుగు గడిలో వేస్తే పెద్ద గుమస్తా విసుక్కుంటాడని, ఇదే అయ్యుంటుందిలే అని ఒక గడిలో వేసేశాను. ఆ కవరు ఊళ్లన్నీ తిరిగి ఇరవై రోజులకు నా బల్ల మీదికే వచ్చింది. మీద ఎర్రసిరాతో తిరిగొచ్చిన తేదీ ముద్ర కొట్టి ఉంది. లోపల ఉన్నది ఇంటర్వ్యూ కాగితమట, ఆ ఇంటర్వ్యూ అప్పటికే అయిపోయింది. ఆ కుర్రాడెవరో, ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ రోజు నుంచే నాకీ కోపం పట్టుకుందేమో.

"తెలియదంటే వాళ్లు ఇంకొకర్ని అడుగుతారే పిచ్చిదానా. తప్పు చెబితే ఇంకెవర్నీ అడగరు, నిన్నే నమ్ముకుని నిలబడతారు" అన్నాను.

అది ఇంటికెళ్లి అన్నం తిని, చీటీలు ముందేసుకుంది. ఆ రోజు మూడో పెట్టెలో పదకొండు చీటీలు పడ్డాయి. ఒక్కొక్కటీ వేసేటప్పుడు పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టింది, కానీ వేసింది.

కౌంటర్లో కూడా మొదలుపెట్టింది. మొదటిసారి "తెలియదండీ" అన్న రోజు ఇంటికొచ్చి, జ్వరమొచ్చినట్టు మంచమెక్కింది. "ఆయన 'తెలీకపోతే మరెందుకు కూర్చున్నావమ్మా' అన్నాడత్తయ్యా."

"ఆయన అడిగింది న్యాయమే. నువ్వేమన్నావ్?"

"కనుక్కుని చెబుతా, రెండు నిమిషాలు ఉండండన్నాను. కనుక్కున్నాను. చెప్పాను."

"తర్వాత?"

"చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చారట ఆయనకు ఎక్కడో, అది నాకిచ్చి వెళ్లాడు."

"ఇంకేం మరి, లే!" అని దుప్పటి లాగేశాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. మూడు పెట్టెలూ నిండటం, మళ్లీ ఖాళీ చేయడం, 'తెలియదు'లోవి నేర్చుకుని మెల్లగా 'తెలుసు'లోకి మార్చడం. మా అబ్బాయి సాక్సుల సంగతి అడిగినా, "తెలియదు. మీ కాళ్లకు వేసుకునేవి మీరే వెతుక్కోండి" అని సమాధానం వచ్చే రోజులొచ్చాయి. "ఏం నేర్పావమ్మా దీనికి, కొంప ముంచావ్!" అని వాడు నా మీద పడ్డాడు.

పరీక్ష రోజున నేనూ వెళ్లాను. గేటు బయట గోడ నీడలో కూర్చున్నాను. లోపల మా కోడలు, బయట నేను. ఎవరికి ఎక్కువ చెమట పట్టిందో చెప్పలేను. కళ్లు మూసుకుంటే అది వరసగా జవాబుల గుండ్రాలు నింపేస్తున్నట్టే కనబడింది, డీ మీద జాలిపడి, బీని ఓదార్చి. ఆఖరి గంట కొట్టాక బిలబిలమంటూ జనం బయటికొచ్చారు. అది అందరికన్నా వెనకాల, చాలా నెమ్మదిగా వచ్చింది.

"ఎన్ని వదిలావ్?" అన్నాను. ఎలా రాశావని అడగలేదు.

"పదమూడు" అంది. "చివరి పది నిమిషాలు ఇక చేసేదేం లేదత్తయ్యా. ఆ పదమూడూ నా వంకే చూస్తున్నాయి. పెన్ను చేతిలో ఉంటే ఎక్కడ పెట్టేస్తానోనని తీసుకెళ్లి పర్యవేక్షకురాలికి ఇచ్చేశాను. 'ఇంకా టైముందమ్మా' అందావిడ. 'అందుకేనండీ ఇస్తున్నా' అన్నాను."

నడివీధిలో నవ్వొచ్చి, నేను గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. నవ్వాను గానీ లోపల బెంగే. పదమూడంటే తక్కువా? ఎక్కువ వదిలించేశానేమో, నా మాట విని ఉన్న మార్కులు కూడా పోగొట్టుకుందేమో అని ఆ తర్వాత రెండు నెలలూ నాకు అన్నం సహించలేదు. పోతే దాని ఆఖరి అవకాశం నా చేతుల మీదుగా పోయినట్టు. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మా అబ్బాయి మాత్రం రెండుసార్లు, "ఏంటమ్మా, ఈమధ్య ఎవర్నీ తిట్టట్లేదు, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు.

ఫలితాలు పొద్దున పదకొండుకు వస్తాయన్నారు. పదిన్నరకే వెళ్లి బస్టాండు బల్ల మీద కూర్చున్నాను. సెలవు పెట్టవే అంటే వినదు, కౌంటర్లో ఎవరుంటారంటుంది. కంత ముందు పదిహేనుమంది వరసలో ఉన్నారు. పదకొండూ ఐదుకు దాని ఫోను వెలిగింది. ఒక ముసలాయనకు టైము చెబుతూ చెబుతూనే చూసింది. చూసి ఫోను బోర్లా పెట్టింది. మొహంలో ఏమీ తెలియలేదు. ముసలాయనకు ప్లాట్‌ఫారం నంబరు చెప్పింది. ఆయన వెనక ఉన్నావిడకు చెప్పింది. పోయిందనే అనుకున్నాను.

తర్వాత అది లేచి, కంత మీద అట్టముక్క అడ్డం పెట్టి, పక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. తొమ్మిదేళ్లలో డ్యూటీ మధ్యలో ఆ అట్ట పెట్టిందని నేను వినలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి ఫోను చూపించింది. ఇరవై ఆరు ఒప్పులు, పదకొండు తప్పులు, పదమూడు ఖాళీలు. ఇరవైన్నర. ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితాలో దాని నంబరుంది.

"ఇంకో రెండు గుడ్డిగా పెట్టి తప్పయితే పోయేదత్తయ్యా. రెండంటే రెండు" అంది. అని, నా భుజం మీద తల పెట్టి, చుట్టూ జనమున్నారని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. పదమూడుసార్లు అది తన స్వభావాన్ని తొక్కిపెట్టి కూర్చుంది ఆ గదిలో, ఒక్కతే. నేను దాని స్థానంలో ఉంటే ఉండగలిగేదాన్ని కాదు.

ఇంతలో కౌంటరు దగ్గర గోల మొదలైంది. ఎవరో నాణెంతో గాజు మీద టకటకా కొడుతున్నారు. "అమ్మాయ్, ఉన్నావా? మా బస్సు వచ్చిందా?" అని కేక.

"పిలుస్తున్నారే" అన్నాను, అలవాటు కొద్దీ.

మా కోడలు తల ఎత్తలేదు. నా భుజం ఇంకా గట్టిగా పట్టుకుని, "పిలవనివ్వండత్తయ్యా" అంది.